పూత లేనిది

బ్యాగు జిప్పు మళ్ళీ నోరు తెరిచింది. వదిన దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పళ్ళకు కొవ్వొత్తి ముక్క రుద్ది, రన్నరును పైకీ కిందకీ లాగి చూసింది. వీధిలో ఎవరి జిప్పు పాడైనా ఆమె చేతిమీదే బాగుపడేది. సొంతింటి బ్యాగు మాత్రం ప్రయాణం నాడే మొరాయించేది.

"అది నిన్ను చూసే నేర్చుకుంది వదినా," అంది చేపపిల్ల, తువ్వాళ్ళు మడతపెడుతూ. "ఎవరైనా బయల్దేరుతున్నారంటే చాలు, మొండికేస్తుంది."

"మొండికేయడం కాదు, పళ్ళికిలిస్తోంది. ఆడపడుచు పోలిక."

వదిన అసలు ఒక్కరికే వదిన. పోయిన భర్తకు ఒక్కతే చెల్లెలు, ఈ చేపపిల్ల. ఆ పిల్ల మెట్ల మీదనుంచీ, వీధి చివరనుంచీ "వదినా, వదినా" అని కేకలేసి కేకలేసి ఆ పిలుపు అందరికీ అంటించింది. ప్యాంట్లు పొట్టి చేయించుకోవడానికి వచ్చే ముసలాయన కూడా "వదినగారూ, ఈ కాలు కాస్త పొడుగైంది" అనేవాడు. చేపపిల్ల అన్నదీ పెట్టిన పేరు కాదు. చిన్నప్పుడు ఎంతసేపూ బకెట్లో చేతులు ముంచుకుని కూర్చుంటే అన్న సరదాకి అన్న మాట. మనిషి నలభై దాటినా పేరు మాత్రం పిల్ల దగ్గరే ఆగిపోయింది.

పేరుకు తగ్గట్టే పని దొరికింది. అక్వేరియంలలో తోటలు పెంచేది. ప్లాస్టిక్ మొక్కలూ, నోరు తెరిచే మొసలి బొమ్మలూ పెట్టే పని కాదు. అద్దాల తొట్టిలో, నీళ్ళ అడుగున, వేళ్ళూనే నిజమైన మొక్కలు. డాక్టర్ల దగ్గర జనం ఎదురుచూసే గదుల్లో, పెద్ద కొట్లలో అలాంటి తొట్లు ఉంటే, వారానికోసారి వెళ్ళి ఆకులు కత్తిరించి వచ్చేది. ఇప్పుడు వేరే ఊళ్ళో ఒక హోటల్ వాళ్ళు గోడంత తొట్టి కట్టిస్తున్నారు. అందులో తోట వేయడానికి పిలిచారు. నెల పని అన్నారు.

బ్యాగులోకి పొడుగు కత్తెర వెళ్ళింది. సన్న రబ్బరు గొట్టం చుట్ట వెళ్ళింది. మోచేతుల దాకా వచ్చే తొడుగులు, చిన్న వల, రెండు జతల బట్టలు వెళ్ళాయి. చేపపిల్ల చుట్టూ చూసింది.

"వదినా, వంకరమూతి పట్టుకారు ఏది?"

"నాకేం తెలుసు? నేను జిప్పు చూస్తున్నాను."

"జిప్పు చూస్తూ దాని మీద కూర్చున్నావు. లే."

వదినకు ఒక అలవాటుండేది. ఇంట్లోంచి ఎవరు ప్రయాణమైనా వాళ్ళ సామానులోంచి ఒక వస్తువు తీసి దాచేది. దానికోసమైనా తిరిగి వస్తారని. తన అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు ఆమె కళ్ళజోడు దాచింది. భర్త వంతెన కట్టే చోట క్రేన్ నడపడానికి వెళ్ళినప్పుడు గొడుగు దాచింది. వానాకాలం కదా, గొడుగు కోసం రాక ఏం చేస్తాడు అనుకుంది. గొడుగు ఇప్పటికీ తలుపు వెనకే ఉంది. అయినా అలవాటు పోలేదు.

ఆమె లేచి, కుర్చీ మీది పట్టుకారు తీసి బ్యాగులో పెట్టింది. చేపపిల్ల ఆమె మొహం చూసి నవ్వు ఆపుకుంది.

"మొక్కలు నాటే పట్టుకారు లేకపోతే నాకు అక్కడ పనే లేదు. నీకంత భయమైతే ఇదిగో, నా తోట మొత్తం నీకు కుదవ పెట్టి వెళ్తున్నాను. అది బతికుంటే చాలు, నేనెక్కడున్నా వచ్చి విడిపించుకుంటాను. సరేనా?"

వేళాకోళానికే అంది. వదిన మాత్రం అక్షరాలా నమ్మింది. కళ్ళజోడుకూ గొడుగుకూ మనిషిని వెనక్కి లాగే బలం లేకపోయింది, ఎందుకంటే వాటికి ప్రాణం లేదు. తోటకు ఉంది. ఆ తర్వాత ఆమె చేసినదంతా ఈ ఒక్క లెక్క మీదే చేసింది.

ఆ తోట ముందుగదిలో, కుట్టు మిషను పక్కనే ఉండేది. ఎంత బాగుండేది ఆ గది. మధ్యాహ్నం ఎండ తొట్టిలోంచి దూరి పైకప్పు మీద పచ్చగా వణికేది. మిషను టకటకా ఆడుతుంటే, గాలి పంపు దాని పక్కన గుడగుడలాడేది. కొలతలిచ్చే ఆడవాళ్ళు చేతులు చాచి నిలబడి, చేపల్ని చూస్తూ చేతులు దించడం మర్చిపోయేవాళ్ళు. మొక్కల అసలు పేర్లు చేపపిల్లకే తెలుసు. వదిన మాత్రం తన పేర్లు తను పెట్టుకుంది. వెనకవైపు రిబ్బన్లలా పైకి పాకేది టేపు మొక్క. రాళ్ళకు అంటుకున్న నాచు వెల్వెట్టు. చివర్లు ఎర్రబడేది ఎర్రంచు. ఇక చేపల్లో, అద్దానికి మూతి ఆనించి గంటలకొద్దీ వేలాడే నల్లచేపకు ఇద్దరూ కలిసి పెట్టిన పేరు చుట్టం. వచ్చాక కదలదు కాబట్టి.

బస్సు దగ్గర జనం తోసుకుంటున్నారు. చేపపిల్ల కిటికీ దగ్గర సీటు పట్టుకుని తల బయటపెట్టింది.

"సీసాలో మొక్కల మందు నెలకి సరిపోతుంది వదినా. రోజూ పొద్దున మూతలో సగం, అంతే. కింది ఆకులు పండినట్టయితే ఆకలేస్తోందని అర్థం. భయపడి గుమ్మరించకు."

"నెలకి వచ్చేస్తావుగా, నాకెందుకివన్నీ?"

"వస్తానులే. ఒకవేళ లేటయితే ఎరువుల కొట్టుకెళ్ళి యూరియా తెచ్చుకో. చిటికెడు తీసి సీసా నీళ్ళలో కలుపుకో. కానీ పూత లేనిది."

బస్సు కదిలింది. "ఏది లేనిది?" అని అరిచింది వదిన.

"పూత. పూత లేనిది. అది మర్చిపోకు."

వదిన మర్చిపోలేదు. ఇంటికి నడుస్తూ దారంతా అదే అనుకుంది. పూత లేనిది, పూత లేనిది.

ఆ రోజుల్లో ఇంటింటికీ ఫోన్లు లేవు. కింద కిరాణా కొట్లో ఒకటి ఉండేది. ఆదివారం సాయంత్రం చేపపిల్ల ఆ కొట్టుకు ఫోన్ చేసేది. కొట్టాయన పైకి చూసి "వదినగారూ, మీ చేప" అని కేకేసేవాడు. హోటల్ వాళ్ళు అద్దం ఒకసారి పగలగొట్టుకున్నారు. తర్వాత ఇసుక బాగోలేదన్నారు. నెల పని రెండో నెలలో పడింది. సీసా అడుగంటింది.

టేపు మొక్క కింది ఆకులు పండడం మొదలైంది. పొద్దున్న లేవగానే వదిన మొహం కడుక్కోకముందే తొట్టి దగ్గర కూర్చుని చూసేది. నిన్న పచ్చగా ఉన్న ఆకు ఇవాళ పాత జాకెట్టు చంకలా పసుపెక్కింది. తోట ఆకలితో ఉంది. తోట పోతే కుదవ పోయినట్టే. ఆమె చేతిలో ఉన్న అంచు పని పక్కన పడేసి ఎరువుల కొట్టుకు వెళ్ళింది.

ఎరువుల కొట్టాయన తెరిచిన బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"యూరియా కావాలండీ. కొంచెం."

"దేనికమ్మా? పూతకా, కాయకా?"

వదినకు ప్రాణం లేచొచ్చింది. ఆయనే ఆ మాట అడుగుతున్నాడంటే తను సరైన చోటికే వచ్చింది.

"పూత లేనిదండీ."

"అంటే ఇంకా పూతకి రాలేదు."

"రాదండీ. అవి పూసే మొక్కలు కావు. ఆకులే."

"ఆకుకే అయితే భేషుగ్గా పనిచేస్తుంది ఇది. కొత్తరకం. నిదానంగా కరుగుతుంది, మాటిమాటికీ వేయక్కర్లేదు." ఆయన ఓ బస్తాలోంచి డబ్బాతో తీసి, కాగితంలో పొట్లం కట్టాడు. "ఎంత తోటమ్మా?"

వదిన రెండు చేతులూ చాచి చూపించింది. ఆయన కుండీ అనుకున్నాడు.

ఇంటికొచ్చి పొట్లం విప్పితే గింజలు తెల్లగా కాక లేత పసుపుగా ఉన్నాయి. కాస్త చేదు వాసన. మందన్నాక వాసన లేకుండా ఉంటుందా అనుకుంది. చిటికెడు తీసి సీసా నీళ్ళలో వేసి ఊపింది. త్వరగా కరగలేదు. నిదానం అన్నాడుగా అని గోరువెచ్చటి నీళ్ళు పోసి మళ్ళీ ఊపింది. మూతలో సగం కొలిచి తొట్టిలో వంచింది. ఆకులు మరీ పసుపుగా ఉన్నాయని ఇంకో సగం కూడా వేసింది. ఆకలిగా ఉన్న పిల్లకి రెండో ముద్ద పెట్టినట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున వదిన తొట్టి వైపు చూసింది. నీళ్ళ మీద పల్చగా ఒక తెర. కిటికీ వెలుగు దాని మీద రంగురంగులుగా మెరుస్తోంది, రోడ్డు మీద నూనె చుక్క పడినట్టు. చిన్న చేపలన్నీ పైకి చేరి నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. కొన్ని అప్పటికే వెల్లకిలా ఉన్నాయి. ఎన్నడూ కదలని చుట్టం అద్దం వదిలేసి పైకీ కిందకీ కొట్టుకుంటోంది.

ఆమె చేతులు ఆగలేదు. కొళాయి నీళ్ళు నేరుగా పోయకూడదనీ, ఒకరోజు బకెట్లో ఉంచిన నీళ్ళే పోయాలనీ చేపపిల్ల ఎప్పుడూ చెప్పేది. అందుకని వంటింట్లో ఎప్పుడూ బకెట్లు నిండి ఉండేవి. ముందు ఆ తెర పోవాలి. కత్తిరింపు కాగితాలు చేతికందాయి. ఎవరిదో జాకెట్టు కొలతతో కత్తిరించిన వీపు ముక్క తీసి నీళ్ళ మీద పరిచి, మెల్లగా ఎత్తింది. కాగితం జిడ్డు పీల్చుకుంది. ఇంకోటి పరిచింది. చేతులు, మెడ, వీపు, ఆ వీధి ఆడవాళ్ళ కొలతలన్నీ ఆ పొద్దున తొట్టి మీద పరుచుకుని లేచాయి. తర్వాత ఇంట్లో మిగిలిన పాత గొట్టం నోట పెట్టుకుని నీళ్ళు పీల్చి కిందికి వదిలింది. నోట్లోకి వచ్చిన చేదు ఉమ్మేసింది. బకెట్ నీళ్ళు చెంబుతో ఎత్తునుంచి సన్నధారగా పోసింది, గాలి కలుస్తుందని. పోస్తూ, తోడేస్తూ, మళ్ళీ పోస్తూ ఉండగా కుట్టించుకోవడానికి వచ్చినావిడ గుమ్మంలో నిలబడి "ఏంటి వదినా, ఇల్లు కడుగుతున్నావా?" అంది.

"కుదవ విడిపిస్తున్నాను. రేపు రా," అంది వదిన, తల తిప్పకుండా.

సాయంత్రానికి చుట్టం మళ్ళీ అద్దానికి మూతి ఆనించింది. అప్పుడు కూర్చుని ఏడ్చింది. చనిపోయిన చిన్న చేపల్ని కుండీలో మట్టి తవ్వి పెట్టింది.

ఆదివారం ఫోన్ దగ్గర ఆమె ముందే నేరమంతా ఒప్పేసుకుంది. అవతల చేపపిల్ల ఒక్కొక్కటే అడిగింది.

"నూనె తేలిందా వదినా?"

"తేలింది."

"పసుపుగా ఉందా?"

"ఉంది. కానీ నేను పూత లేనిదే అడిగాను. అవి పూయవని కూడా చెప్పాను."

"పూయవనా?" అటువైపు ఏదో చప్పుడైంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "వదినా, పూత అంటే పువ్వు కాదు. పైన పూసేది. గోడకి సున్నం పూసినట్టు, గింజకి వేపనూనె పూస్తారు. మట్టిలో మెల్లగా కరగాలని. మట్టికి మంచిదే, చేపకి ఊపిరాడదు."

వదిన నోరు తెరిచి మూసింది, తొట్టిలో చేపల్లాగే.

"ఆ ముక్క బస్సులోనే చెప్పి ఏడవచ్చుగా."

"చెప్పాను. నువ్వే ఎక్కువ చదివావు."

కిరాణా కొట్టాయన త్రాసు పక్కన పెట్టి మరీ వింటున్నాడు.

"సరే విను," అంది చేపపిల్ల. "ఈసారి కొట్టుకెళ్ళేటప్పుడు గాజు గ్లాసు పట్టుకెళ్ళు. నీళ్ళు పోసి కాసిని గింజలు వేయి. కలిపితే గ్లాసు చల్లబడాలి. అది యూరియా గుణం. మొత్తం కరగాలి, నీళ్ళు నీళ్ళలాగే ఉండాలి. పైన ఏదీ తేలకూడదు, కింద ఏదీ మిగలకూడదు, వాసన రాకూడదు. రంగురంగుల గింజలు కలిపినవి అసలొద్దు. ఆకుల మీద పిచికారీ కొట్టే యూరియా అని అడుగు. అది శుభ్రంగా ఉంటుంది, ఆకు మాడ్చే మలినం తక్కువ. అదైనా సరే కాస్తే. నీళ్ళలో పడ్డాక యూరియా ఊరుకోదు, మారిపోయి ఘాటెక్కుతుంది. మొక్క తినగా మిగిలిన ఘాటు చేపకి విషం. మొక్క తినగలిగినంతే పెట్టాలి. నీకు జాలేసినంత కాదు."

"జాలి తగ్గించుకోవాలంటే ఎలాగే?"

"నన్ను పెంచినప్పుడు తగ్గించుకున్నావుగా, అలాగే."

మర్నాడు వదిన గాజు గ్లాసుతో ఎరువుల కొట్టుకు వెళ్ళింది.

"ఏమ్మా, ఇది టీ కొట్టనుకున్నారా?" అన్నాడు ఆయన.

"నీళ్ళు పోయండి, చెప్తాను."

సంగతంతా విని ఆయన స్టూలు మీదనుంచి లేచి నిలబడ్డాడు. "నేను పూత అంటే పంట అనుకున్నాను. మీరు పువ్వనుకున్నారు. ఆవిడేమో నూనె అంది. ముగ్గురిదీ ఒకటే మాట. మధ్యలో చేపలు పోయాయి." మెల్లగా లోపలికెళ్ళి ఒక చిన్న కవరు తెచ్చాడు. పళ్ళతోటల వాళ్ళు ఆకుల మీద కొట్టడానికి తీసుకెళ్తారట. గింజలు ఉప్పులా తెల్లగా ఉన్నాయి. గ్లాసులో వేసి వేలితో తిప్పింది వదిన. అరచేతికి గ్లాసు చల్లబడింది, పొద్దుటి కుండను ముట్టుకున్నట్టు. గ్లాసును వెలుగుకు పట్టి చూసింది. ఏమీ తేలలేదు. ఏమీ మిగలలేదు. వాసన చూసింది. ఆయన కూడా వాసన చూశాడు. ఇద్దరూ పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినంత శ్రద్ధగా ఆ గ్లాసును చూశారు.

"ఖాయం చేసుకోమంటారా?" అన్నాడు ఆయన.

"చేసుకోండి," అంది వదిన.

ఆ తర్వాత ఆమె చేయి ఎప్పుడూ తొందరపడలేదు. సీసా నీళ్ళలో చిటికెడు, పొద్దున మూతలో సగం. వేశాక మిషను దగ్గర కూర్చుని చేపల్ని చూసేది. అవి కిందే తిరుగుతుంటే అప్పుడు కుట్టు మొదలుపెట్టేది. పండిన ఆకులు మళ్ళీ పచ్చబడలేదు కానీ కొత్తవి పచ్చగానే వచ్చాయి. వెల్వెట్టు రాళ్ళంతా పాకింది. ఎర్రంచు చివర్లు మళ్ళీ తమలపాకు నమిలిన పెదవుల్లా ఎర్రబడ్డాయి. వానలు వెనకబట్టి చలి మొదలైంది. హోటల్ తొట్టిలో నీళ్ళు నింపారనీ, ఇక రాళ్ళు సర్దడమే మిగిలిందనీ చేపపిల్ల చెప్పింది.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున టేపు మొక్క మొదట్లోంచి సన్నటి దారం ఒకటి లేచింది. బాబిన్‌లోంచి ఊడిన దారంలా చుట్టలు చుట్టలుగా తిరుగుతూ నీళ్ళ పైదాకా వచ్చి ఆగింది. దాని కొసన, నీటి మీద, గుండీ కన్నా చిన్నగా ఒక తెల్లటి మొగ్గ. వదిన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. మూడో నాటికి విచ్చుకుంది.

ఆదివారం దాకా ఆ మాటను నోట్లో పెట్టుకుని తిరిగింది. ఫోన్ రాగానే పలకరింపు కూడా లేకుండా చెప్పేసింది.

"ఏమే, నీ పూత లేనిదానికి పూత వచ్చింది."

"దేనికి? టేపు మొక్కకా? నిజంగానా?" చేపపిల్ల గొంతు చిన్నపిల్లదైంది. కాస్త బొంగురుగా కూడా ఉంది. "నా చేతిలో ఎప్పుడూ పూయలేదు వదినా. ఏం పెట్టావు దానికి?"

"తినగలిగినంతే పెట్టాను."

"కోయకు. ముట్టుకోకు. నేనొచ్చి చూస్తాను."

"ఎప్పుడొస్తావు? గొంతేంటి అలా ఉంది?"

"రోజంతా నీళ్ళలో చేతులు పెట్టుకుంటే చలి చేయదా? పని అయిపోయింది వదినా. బ్యాగు సర్దుకోవడమే. ఆ పూత రాలేలోపు వచ్చేస్తాను. జిప్పు మళ్ళీ ఊడింది, వచ్చాక నువ్వే చూడాలి."

"తీసుకురా, చూస్తాను," అంది వదిన.

పైకి వచ్చి కొవ్వొత్తి ముక్క వెతికి మిషను మీద సిద్ధంగా పెట్టుకుంది. ఆ వారమంతా ఆ పువ్వు నీళ్ళ మీద అలాగే నిలిచింది. గాలి పంపు బుడగలు తగిలి అది అటూ ఇటూ ఊగుతుంటే, కింద ఉన్న దారపు చుట్ట సాగుతూ ముడుచుకుంటూ దాన్ని వెనక్కి లాక్కునేది.

వదిన ఇప్పటికీ పొద్దున్నే మూతలో సగం వేస్తుంది. చుట్టం ముసలిదయ్యాక చచ్చిపోయింది, తొట్టి అద్దం ఒకసారి మార్చారు, టేపు మొక్క పిలకలు వీధిలో చాలా ఇళ్ళకు వెళ్ళాయి. పిలక అడిగినవాళ్ళకు ఆమె గాజు గ్లాసు పరీక్ష కూడా నేర్పి పంపిస్తుంది. తోట బతికే ఉంది.

చేపపిల్ల తిరిగి రాలేదు. పువ్వు సంగతి విన్న తర్వాతి గురువారం, బస్సు ఎక్కాల్సిన రోజు పొద్దున, ఆ ఊరి ఆసుపత్రిలో ఊపిరితిత్తుల జ్వరంతో చనిపోయింది.